యెరూషలేము క్షేమం అంటే ఎవరి క్షేమం?

ఈ శీర్షికకు ‘సమాధానం’ అని పేరు పెట్టినప్పుడు జవాబు అనే అర్థంలోనే పెట్టాం. తెలుగు బైబిల్లో అదే మాట శాంతికి వాడతారు. ఈ నెల రెండు అర్థాలూ కలిసొచ్చాయి. 2023 క్రిస్మస్‌కి బేత్లెహేములోని లూథరన్ చర్చిలో పశువుల తొట్టికి బదులు పగిలిన కాంక్రీటు పెళ్లలు పోగుచేసి, వాటి మధ్య బాలయేసును పడుకోబెట్టారని కిందటి సంచికలో నాలుగు ముక్కలు రాశాను. అంతే, ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వచ్చిపడ్డాయి. కొన్నిటిలో మెప్పు, కొన్నిటిలో తిట్లు. తిట్లలో ప్రశ్న ఉన్నవి మాత్రం తీసుకున్నాను.

ముందే చెబుతున్నాను, నేను వేదాంతం చదువుకోలేదు. గుంటూరులో ఇరవై తొమ్మిదేళ్లు చరిత్ర పాఠాలు చెప్పాను. 2018 ఫిబ్రవరిలో ఒక్కసారి ఆ దేశం చూసొచ్చాను.

*

ప్రశ్న: అమ్మా, 2023 అక్టోబర్ నుంచి మా చర్చి వేదిక మీద ఇజ్రాయెల్ జెండా ఉంది. ‘యెరూషలేముయొక్క క్షేమముకొరకు ప్రార్థన చేయుడి’ అని కీర్తనల్లో ఉంది కాబట్టి ఇజ్రాయెల్ గెలవాలని ప్రార్థించమంటున్నారు అయ్యగారు. అక్కడి చర్చి పెద్దలే యుద్ధం వద్దంటున్నారని మీరు రాశారు. ఎవరి మాట వినాలి?
— రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, కాజీపేట

జవాబు: 122వ కీర్తన ఇంకోసారి నిదానంగా చదవండి. క్షేమం అడగమంది. గెలుపు మాట అందులో లేదు. ఇవాళ యెరూషలేము దాదాపు పది లక్షల మంది ఉన్న ఊరు. అందులో సుమారు నలభై శాతం మంది పాలస్తీనీయులు. ఊరి క్షేమం అంటే ఊళ్లో ఉన్న అందరి క్షేమమే కదా.

మా బృందానికి గైడ్‌గా వచ్చినాయన బేత్లెహేము పక్క ఊరి క్రైస్తవుడు. మా బస్సులో ఒక పెద్దాయన మైకు అడిగి మరీ ఆయన్ని, ‘బ్రదర్, మీ కుటుంబం ఎప్పుడు మతం మారింది?’ అన్నారు. అరబ్బులంటే ముస్లింలే అని మనవాళ్ల లెక్క. ఆయనకి ఈ ప్రశ్న అలవాటే అనుకుంటా. ‘పెంతెకొస్తు రోజున’ అన్నాడు. బస్సు బస్సంతా నవ్వింది. నేను రాత్రి హోటల్లో అపొస్తలుల కార్యములు తీసి చూశాను. రెండో అధ్యాయంలో, యేసు శిష్యులు మొదటిసారి జనం ముందు బోధించిన ఆ రోజు యెరూషలేములో ఉన్నవారి జాబితా ఉంటుంది. దాని చివర అరబీయులు ఉన్నారు. అరవై ఏళ్లు ఆ అధ్యాయం చదివాను, ఆ మాట నా కంట పడలేదు.

మీ అయ్యగారు చెప్పేదాన్ని క్రైస్తవ జియోనిజం అంటారు. ఇప్పటి ఇజ్రాయెల్ రాజ్యాన్నీ దాని యుద్ధాల్నీ బైబిల్ ప్రవచనాల నెరవేర్పుగా చూసే బోధ అది. 2006 ఆగస్టులో యెరూషలేముకు చెందిన నలుగురు చర్చి పెద్దలు, అంటే అప్పటి లాటిన్ పాత్రియార్క్ (అక్కడి రోమన్ కాథలిక్కుల అధిపతి) మిషెల్ సబ్బా, సిరియన్ ఆర్థడాక్స్ ఆర్చిబిషప్, ఆంగ్లికన్ బిషప్, లూథరన్ బిషప్ కలిసి సంతకాలు పెట్టి, ఈ బోధ తప్పనీ, ప్రేమను, న్యాయాన్ని, సమాధానాన్ని పాడుచేస్తుందనీ ప్రకటించారు. అదే ప్రకటనలో ఇజ్రాయెలీయులూ పాలస్తీనీయులూ కలిసి బతకగలరని కూడా చెప్పారు. ఆ మాట చెప్పిన నలుగురూ అక్కడే ఉండి, అక్కడి సమాధుల దగ్గర ప్రార్థనలు చేసేవాళ్లు. అందుకే నాకు వాళ్ల మాట బరువుగా అనిపిస్తుంది.

ఇంకో సంగతి కూడా మరచిపోకూడదు. యూదుల పట్ల క్రైస్తవ లోకం చేసిన పాపం చిన్నది కాదు. యేసు మరణానికి యూదులందరినీ దోషులుగా చూడకూడదని కాథలిక్ సంఘం అధికారికంగా చెప్పడానికి 1965 దాకా పట్టింది. కాబట్టి ఆ జెండా వెనుక మీ అయ్యగారి మనసులో యూదుల మీద ప్రేమే ఉంటే దాన్ని వెక్కిరించకండి. ఆయనతో పోట్లాట వద్దు. వచ్చే ఆదివారం ప్రార్థనలో గాజాలోని ఒకే ఒక్క కాథలిక్ చర్చి, హోలీ ఫ్యామిలీ చర్చి పేరు కూడా ఒకసారి చెప్పమని అడగండి, చాలు.

*

ప్రశ్న: మేడమ్, శాంతి కోసం పాటుపడే చర్చి పెద్దలు అని అందరూ రాస్తారు. ఒక్కరైనా ఏం చేశారో చెప్పరు. పేరు, ఊరు, చేసిన పని కావాలి. సెమినార్ పేపర్ రాయాలి.
— డిగ్రీ విద్యార్థిని, విజయవాడ

జవాబు: నీలాంటి విద్యార్థులు నాకు క్లాసులో నలుగురుంటే బాగుండేదమ్మా. నాకిష్టమైన మనిషి సంగతి చెబుతాను. మిగతావాళ్లని లైబ్రరీలో వెతుక్కో.

ఎలియాస్ షకూర్. 1939లో గలిలయ ఎగువన, లెబనాన్ సరిహద్దుకి దగ్గరగా ఉన్న కఫ్ర్ బిరిమ్ అనే క్రైస్తవ పల్లెలో పుట్టాడు. 1948 నవంబర్‌లో ఇజ్రాయెల్ సైన్యం ఆ ఊరి వాళ్లని ఖాళీ చేయించింది, కొద్ది రోజులే అని నమ్మబలికి. ఆ కొద్ది రోజులు ఇంకా పూర్తి కాలేదు. పక్కనే ఇక్రిత్ అనే ఇంకో క్రైస్తవ పల్లెదీ ఇదే కథ. ఊరివాళ్లు సుప్రీం కోర్టుకెళ్లి గెలిచారు. 1951లో సరిగ్గా క్రిస్మస్ ముందురోజున సైన్యం ఆ ఊళ్లో ఇళ్లన్నీ పేల్చేసింది. 1953 సెప్టెంబర్‌లో బిరిమ్ మీద విమానాలతో బాంబులు వేశారు. ఊరివాళ్లు దగ్గర్లోని కొండ మీద నిలబడి తమ ఇళ్లు కూలడం చూశారు. చర్చి ఒక్కటి మిగిలింది. వాళ్లెవరూ ఏ సైన్యం మీదా తిరగబడ్డవాళ్లు కారు, పైగా ఇజ్రాయెల్ పౌరులే. ఇప్పటికీ ఆ కుటుంబాలు శవాన్ని మోసుకెళ్లి సొంత ఊరి శ్మశానంలో పూడ్చుకోవచ్చు. బతికుండగా మాత్రం అక్కడ కాపురం ఉండకూడదు. శ్రీశైలం ముంపులో ఊరు పోగొట్టుకున్నవాళ్లకి ఈ బాధ కొంత అర్థమవుతుంది. కొంతే. అక్కడ ముంచింది నీళ్లు కాదు.

అలాంటి పిల్లాడు పెద్దయి మెల్కైట్ సంఘంలో, అంటే పోప్‌ను ఒప్పుకునే తూర్పు దేశపు కాథలిక్ సంఘంలో గురువయ్యాడు. 1965లో ఇబిల్లీన్ అనే ఊరికి పంపారు. ముస్లింలూ క్రైస్తవులూ ఉన్న ఊరు. క్రైస్తవుల్లోనే ఒకరి మొహం ఒకరు చూసుకోని వర్గాలు. ఊళ్లో పోలీసు ఉద్యోగం చేసే ఆయనకి సొంత అన్నదమ్ములతోనే మాటల్లేవు. ఆ తర్వాతి సంగతి షకూరే చెప్పుకున్నాడు. మట్టల ఆదివారం నాడు గుడి నిండా జనం. ఆరాధన అయిపోయింది. అందరూ లేవబోతుంటే ఈయన గబగబా వెళ్లి తలుపులకి గొలుసు చుట్టి తాళం వేశాడు. ‘మీరు ఇక్కడే ఒకరినొకరు చంపుకోండి, సమాధి ప్రార్థనలు ఉచితంగా చేస్తాను. లేదా సమాధానపడండి, అప్పుడు తలుపు తీస్తాను’ అన్నాడు. కాసేపు చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. ముందుగా లేచింది ఆ పోలీసాయనే. అన్నదమ్ముల దగ్గరకెళ్లి క్షమించమన్నాడు. ఆ తర్వాత ఊరంతా లేచింది.

మన ఊళ్లలో ఒకే గుడికి వెళ్లే రెండు పార్టీల వాళ్ల మధ్య ఇలా తాళం వేసే అయ్యగారు దొరికితే బాగుండు అనిపించింది నాకు. సరే, పక్కదారి పట్టాను.

నీ పేపర్‌కి కావలసింది ఆ తర్వాత ఉంది. తన ఇల్లు కూల్చిన దేశంలో షకూర్ బడి కట్టాడు. 1982లో ఇబిల్లీన్ కొండ మీద మార్ ఎలియాస్ హైస్కూల్ మొదలైంది. క్రైస్తవ, ముస్లిం పిల్లలు, ద్రూజ్ అనే అక్కడి చిన్న మతం పిల్లలు చదివారు, యూదు టీచర్లూ పాఠాలు చెప్పారు. 2006లో ఆయన అక్కో, హైఫా ప్రాంతాలకు ఆర్చిబిషప్ అయ్యాడు, 2014 దాకా ఉన్నాడు. బిరిమ్ మాత్రం తిరిగి రాలేదు. సమాధానం కోసం పనిచేసేవాడు తన దావా వదులుకోవాలని ఎక్కడా లేదు. కోపం ఉంచుకుంటూనే పగ వదులుకోవచ్చని నేను ఈయన్ని చదివే నేర్చుకున్నాను.

రెండో పేరు కావాలంటే బ్రూనో హుస్సార్. ఈజిప్టులో యూదు తల్లిదండ్రులకు పుట్టి, కాథలిక్ అయి, డొమినికన్ గురువైన మనిషి. తెల్ అవీవ్, యెరూషలేముల మధ్య లాత్రూన్ మఠం వాళ్ల దగ్గర బీడు భూమి తీసుకుని, యూదులూ పాలస్తీనీయులూ సమానంగా కలిసి ఉండే ఊరు కట్టించాడు. ఆ ఊరికి హీబ్రూలో నెవే షాలోమ్, అరబిక్‌లో వాహత్ అస్సలామ్ అని పేర్లు. 1970ల చివర్లో కుటుంబాలు వచ్చి చేరాయి. 1984లో రెండు భాషల్లో చెప్పే బడి పెట్టారు. ఆయన 1996లో పోయాడు, ఊరు ఉంది.

*

ప్రశ్న: ఇవన్నీ ప్రకటనలు, ప్రార్థనలు, ఫొటోలు. వీళ్ల వల్ల ఒక్క యుద్ధమైనా ఆగిందా?
— హోమియో డాక్టర్, నెల్లూరు

జవాబు: ఆగలేదండీ.

2014 జూన్ 8న పోప్ ఫ్రాన్సిస్ ఇజ్రాయెల్ అధ్యక్షుడు షిమోన్ పెరెస్‌ని, పాలస్తీనా అధ్యక్షుడు మహమూద్ అబ్బాస్‌ని వాటికన్ తోటకు పిలిచారు. ముగ్గురూ ఆర్థడాక్స్ పాత్రియార్క్ బర్తొలొమయితో కలిసి ఒలీవ మొక్క నాటారు. సరిగ్గా నెల తిరిగేసరికి గాజాలో యుద్ధం మొదలైంది. అంతకు ముందు 2002 జనవరిలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జార్జ్ కేరీ చొరవతో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో యూదు రబ్బీలు, ముస్లిం షేకులు, క్రైస్తవ బిషప్‌లు ఒకే కాగితం మీద సంతకం చేశారు. దేవుని పేరిట అమాయకుల్ని చంపడం దేవుని పేరును అపవిత్రం చేయడమే అన్నారు. ఏప్రిల్ వచ్చేసరికి బేత్లెహేములో యేసు పుట్టిన చోట కట్టిన జననాలయంలోనే పాలస్తీనా సాయుధులు దూరారు, చుట్టూ ఇజ్రాయెల్ సైన్యం. 39 రోజుల ముట్టడి. లోపల ఫ్రాన్సిస్కన్, గ్రీకు, అర్మేనియన్ సన్యాసులు వదిలిపోకుండా ఉండిపోయారు.

నా సొంత ఫిర్యాదు కూడా ఒకటుంది. 2018 ఫిబ్రవరి 26న మా బృందం యెరూషలేములో యేసు సమాధి ఉందని నమ్మే పవిత్ర సమాధి దేవాలయానికి వెళ్లేసరికి తలుపులు మూసి ఉన్నాయి. ముందురోజు మధ్యాహ్నం గ్రీకు ఆర్థడాక్స్ పాత్రియార్క్, అర్మేనియన్ పాత్రియార్క్, ఫ్రాన్సిస్కన్‌ల అధిపతి ముగ్గురూ కలిసి మూయించారు. చర్చి ఆస్తుల మీద నగరపాలక పన్ను, చర్చి భూముల మీద తెస్తున్న బిల్లు, ఈ రెండిటికీ నిరసనగా. మా వాళ్లలో పెద్దవాళ్లు ఆ చెక్క తలుపుల్ని ముద్దుపెట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. మూడో రోజుకి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 28 తెల్లవారుజామున తలుపులు తెరిచారు. అప్పటికి మేము తిబెరియలో చేపలు తింటున్నాం.

ఆ గుడి సంగతి తెలుసు కదా. తాళంచెవి శతాబ్దాలుగా ముస్లిం కుటుంబాల చేతుల్లో ఉంటుంది. కిటికీ కింద ఒక పాత చెక్క నిచ్చెన ఉంటుంది. దాన్ని ఎవరు కదపాలో ఈ సంఘాలకి ఒప్పందం కుదరక రెండొందల ఏళ్లకి పైగా అక్కడే ఉంది. నిచ్చెన దగ్గర కలవనివాళ్లు పన్ను దగ్గర కలిశారు. పన్ను కోసం కలిసినంత గట్టిగా మనుషుల కోసం ఎందుకు కలవరు అని ఆ రోజు నుంచీ అడుగుతూనే ఉన్నాను. ఒక బిషప్ ఆ పని చేశాడు. 1972లో ఆర్చిబిషప్ జోసెఫ్ రాయా ఇక్రిత్, బిరిమ్ ప్రజల కోసం ఒక ఆదివారం తన పరిధిలోని గుళ్లన్నీ మూయించాడు. మళ్లీ 2025 జూలైలో కొంచెం అలాంటిది చూశాను. ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్‌బ్యాంక్‌లోని తయ్‌బే అనే క్రైస్తవుల ఊరి పాత గుడి పక్కన, అక్కడ కాలనీలు కట్టుకున్న ఇజ్రాయెలీ సెట్లర్లు నిప్పు పెడితే, యెరూషలేము చర్చి పెద్దలంతా కలిసి అక్కడికి వెళ్లారు. అదే వారంలో గాజాలోని హోలీ ఫ్యామిలీ చర్చి మీద ఇజ్రాయెల్ షెల్ పడి ముగ్గురు చనిపోయారు. మర్నాడే ఇప్పటి లాటిన్ పాత్రియార్క్ పిజ్జబల్లా, గ్రీకు పాత్రియార్క్ పక్కపక్కన గాజాలోకి వెళ్లారు.

యుద్ధం ఆపలేని మనిషికి వేరే పనులుంటాయి డాక్టరుగారూ, అది మీకు నేను చెప్పాలా? ఒలీవల కొండ మీద ఎత్తుగా గోపురం కనిపించేది అగస్టా విక్టోరియా ఆసుపత్రి. నడిపేది లూథరన్ వరల్డ్ ఫెడరేషన్. వెస్ట్‌బ్యాంక్, గాజాల కేన్సర్ రోగులకి పెద్ద దిక్కు అదే. రోగి అక్కడికి రావాలంటే ముందు ఇజ్రాయెల్ పర్మిట్ రావాలి. గుంటూరు లూథరన్లం మేము చందా డబ్బాలో వేసే రూపాయికీ ఆ కొండకీ దూరపు చుట్టరికం ఉంది. మా ఏఈఎల్‌సీ (ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) కూడా ఆ ఫెడరేషన్‌లో సభ్య సంఘమే. 2010 నుంచి 2017 దాకా దానికి అధ్యక్షుడు మునిబ్ యూనాన్ అనే పాలస్తీనీయ బిషప్. ఆ సంగతి మా గుంటూరులో ఎంతమందికి తెలుసో మాత్రం అడక్కండి.

2002లోనే యెరూషలేము చర్చి పెద్దలు ప్రపంచ చర్చిల మండలిని ఒక్కటే అడిగారు, మనుషుల్ని పంపండని. అప్పటి నుంచి వేర్వేరు దేశాల వాళ్లు మూడేసి నెలలు అక్కడుండి, బడికి పోయే పిల్లల వెంట నడుస్తారు, చెక్‌పోస్టుల దగ్గర తెల్లవారుజామున నిలబడతారు. వాళ్ల చేతిలో ఆయుధం ఉండదు. చూస్తున్నవాడు ఒకడుంటే కొట్టేవాడి చెయ్యి కాస్త తడబడుతుంది. అంతవరకే ఆ పని.

*

ప్రశ్న: మీ బిషప్‌లంతా పాలస్తీనా పక్షమే. అక్టోబర్ 7 హత్యల్ని సూటిగా ఖండించారా? ఆయుధాలు మోసిన ఆర్చిబిషప్ కూడా ఉన్నాడు, ఆయన గురించి రాయరేం?
— సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, హైదరాబాద్

జవాబు: రాస్తాను. హిలరియన్ కపూచి, మెల్కైట్ ఆర్చిబిషప్. 1974లో కారులో పీఎల్ఓకి (పాలస్తీనా విమోచన సంస్థకి) ఆయుధాలు చేరవేస్తూ పట్టుబడ్డాడు. పన్నెండేళ్ల శిక్ష పడింది. వాటికన్ జోక్యంతో 1977లో విడుదలయ్యాడు. అరబ్ దేశాల్లో ఆయన్ని వీరుడిగా చూసేవాళ్లు బోలెడు. నా లెక్కలో మాత్రం ఆయన ఈ జవాబుల్లోకి రాడు. కారు డిక్కీలో తుపాకులున్న మనిషిని సమాధానపరచువాడు అనలేను.

మీ మొదటి ప్రశ్న ఇంకా న్యాయమైనది. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మందిని చంపి, 251 మందిని పట్టుకుపోయారు. ఆ రోజు యెరూషలేము చర్చి పెద్దలు ఉమ్మడిగా ఇచ్చిన ప్రకటన అందరినీ ఒకే గాటన కట్టినట్టుందని వాటికన్‌లోని ఇజ్రాయెల్ ఎంబసీ తప్పుపట్టింది. ఆ ప్రకటన చదివితే నాకూ అలాగే అనిపించింది. చావు ఇంటికి వెళ్లి ‘చావులు మంచివి కావు’ అన్నట్టుంది. అయితే లాటిన్ పాత్రియార్క్ పిజ్జబల్లా అక్టోబర్ 24న తన సంఘానికి రాసిన ఉత్తరంలో దాపరికం లేదు. దక్షిణ ఇజ్రాయెల్‌లో జరిగింది ఏ విధంగానూ ఒప్పుకోలేనిదని, ఖండిస్తున్నానని రాశాడు. అదే ఉత్తరంలో గాజా మీద బాంబులు చావునూ విధ్వంసాన్నే తెస్తాయని, ఆక్రమణ ముగియకుండా సమాధానం రాదని కూడా రాశాడు. ఒకే ఉత్తరంలో మూడూ చెప్పడం వల్ల అన్ని వైపుల నుంచీ తిట్లు తిన్నాడు.

2009 డిసెంబర్‌లో బేత్లెహేములో విడుదలైన కైరోస్ పాలస్తీనా పత్రం కూడా మీకు నచ్చదని తెలుసు. మిషెల్ సబ్బా, ఆంగ్లికన్ గురువు నయీమ్ అతీక్ వంటివాళ్లు దాని వెనక ఉన్నారు. ఆక్రమణ దేవునికీ మనిషికీ వ్యతిరేకమైన పాపం అన్నారు అందులో. ఇజ్రాయెల్ మీద బహిష్కరణకి మద్దతిచ్చారు. ఎదిరించండి, కానీ ప్రేమతో ఎదిరించండి, శత్రువులో కూడా దేవుని రూపం చూడండి అన్నారు. అమెరికాలోని యూదు రబ్బీల సంఘం ఒకటి అది యూదుల విశ్వాసాన్ని చిన్నచూపు చూస్తోందని గట్టిగా విమర్శించింది. నేను రెండూ చదివాను. పత్రంలోని బాధ నిజం. విమర్శలో కూడా పస ఉంది.

‘పక్షం’ అన్న మాట గురించి ఒక్కటి. సబ్బా నజరేతులో పుట్టినవాడు, లాటిన్ పాత్రియార్క్ పీఠమెక్కిన మొదటి పాలస్తీనీయుడు. 1987 డిసెంబర్‌లో ఆయన్ని నియమించేటప్పటికి మొదటి ఇంతిఫాదా, అంటే ఆక్రమణ మీద పాలస్తీనీయుల తిరుగుబాటు, మొదలై రెండు రోజులైంది. పుండు తన ఒంటి మీదే ఉన్నవాడిని గోడ మీద పిల్లిలా కూర్చోమనడం కుదరదండీ. పుండు ఉన్నా పక్కవాడి పుండు కూడా చూస్తున్నాడా లేదా అన్నదే నేను అడిగే ప్రశ్న.

*

ప్రశ్న (వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజ్): వందనాలు అమ్మగారూ. మాది పశ్చిమ గోదావరి. నేను తెల్ అవీవ్‌లో కేర్‌గివర్‌గా చేస్తున్నాను, ఆరేళ్లయింది. నేను చూసుకునే మామ్మగారికి ఎనభై తొమ్మిదేళ్లు. సైరన్ మోగితే ఆవిడని వీల్‌చైర్‌లో సేఫ్ రూమ్‌కి తోసుకెళ్లేది నేనే. ఆవిడ మనవడు గాజాలో సైన్యంలో చేశాడు. చర్చిలో నా పక్కన కూర్చునే అరబ్ అమ్మాయి మేనత్త కుటుంబం గాజా చర్చిలో తలదాచుకుంది. ఇద్దరూ నా చెయ్యి పట్టుకుని ‘ప్రార్థన చెయ్యి’ అంటారు. 2025 అక్టోబర్‌లో కాల్పుల విరమణ అన్నారు, నా టెన్షన్ మాత్రం తగ్గలేదు. ఎవరి కోసం ప్రార్థించాలి?

జవాబు: తల్లీ, నీ మెసేజ్ మూడుసార్లు విన్నాను. వెనకాల మామ్మగారు ఎవరినో పిలవడం కూడా వినిపించింది.

నీలాగే ఇరుక్కున్న ఇంకో మనిషి గురించి చెబుతాను. లాటిన్ పాత్రియార్క్ పియెర్‌బత్తిస్తా పిజ్జబల్లా. పేరు విని నవ్వకు. మా మనవరాలు ‘పిజ్జా పెట్టే బల్లా?’ అంది. ఇటలీ వాడు, ఫ్రాన్సిస్కన్. యెరూషలేములోనే హీబ్రూ విశ్వవిద్యాలయంలో చదివాడు, హీబ్రూ ధారాళంగా మాట్లాడతాడు. 2020 నుంచి పాత్రియార్క్. గాజాలో తలదాచుకున్న ఆ మేనత్త కుటుంబానికీ ఆయనే కాపరి. నజరేతు అరబ్బులకీ ఆయనే. 1955 నుంచి ఇజ్రాయెల్‌లో హీబ్రూలోనే ఆరాధన చేసుకునే చిన్న కాథలిక్ సమాజం ఉంది, వాళ్లకీ ఆయనే. నీలాంటి వలస కార్మికుల కోసం ఆయన పరిధిలోనే ప్రత్యేక విభాగం ఉంది. తెల్ అవీవ్ దక్షిణాన 2014లో తెరిచిన కేంద్రం వాళ్లదే. ఒక గొర్రె సైన్యంలో ఉంటుంది, ఇంకో గొర్రె బాంబుల కింద ఉంటుంది. నీ చెయ్యి పట్టుకునేవాళ్లు ఇద్దరే, ఆయనకి వేలమంది.

2023 సెప్టెంబర్ 30న కార్డినల్ అయ్యాడు. వారం తిరగ్గానే యుద్ధం. అక్టోబర్ 16న విలేకరులు అడిగితే, బందీలుగా ఉన్న పిల్లల్ని వదిలిపెడతారంటే వాళ్లకి బదులు నేను వెళ్తాను అన్నాడు. హమాస్ ఒప్పుకోలేదనుకో. కానీ ఆ పిల్లలు యూదుల పిల్లలు, ఆయన సంఘం పిల్లలు కారు. అది గుర్తుపెట్టుకో.

ఇంకొకాయన రోజూ సాయంత్రం ఫోన్ చేసేవారు. పోప్ ఫ్రాన్సిస్. యుద్ధం మొదలైనప్పటి నుంచి దాదాపు ప్రతి రాత్రీ గాజా చర్చికి ఫోన్. పెద్ద ప్రసంగాలేం లేవు. ఎలా ఉన్నారు, ఏం తిన్నారు. మన ఇళ్లలో దూరంగా ఉన్న పిల్లలకి అమ్మలు చేసే ఫోన్ లాంటిదే. ఆసుపత్రి నుంచి కూడా చేశారు. 2025 ఏప్రిల్ 21న పోయారు. ఆఖరి ఫోన్ 19 సాయంత్రం.

అందుకని ఎవరి కోసం అని లెక్కలు వేసుకోకు. మనవడి పేరు చెప్పి ప్రార్థించు. మేనత్త పేరు కనుక్కుని ఆమె పేరూ చెప్పు. ‘శత్రువు’ అనే మాట ఆ రెండు పేర్ల మధ్యలోకి రానివ్వకు. దేవుడికి కష్టమేమో తెలియదు గానీ, నువ్వు చేయగలవు. నువ్వు ఇప్పటికే చేస్తున్నావు, ఇద్దరూ నీ చెయ్యి పట్టుకున్నారంటే అర్థం అదే. మామ్మగారికి నీ పక్కన కూర్చునే అమ్మాయి సంగతి చెప్పాలా వద్దా అన్నది మాత్రం నీకే వదిలేస్తున్నాను. ఆ ఇంట్లో గాలి ఎటు వీస్తుందో నీకు తెలుసు, నాకు తెలియదు. నీ ఉద్యోగం, వీసా కూడా చూసుకోవాలి.

ఇంటికి ఫోన్ చేస్తున్నావా?

*

ప్రశ్న: టీచరమ్మగారూ, పరిస్థితి బాగుంటే వచ్చే ఫిబ్రవరిలో మా సంఘం నుంచి ముప్పై మందిమి పరిశుద్ధ దేశ యాత్రకి వెళ్తాం. ఎనిమిది రోజులు. గుళ్లూ రాళ్లే కాక అక్కడి మనుషుల్ని కలవాలంటే ఏం చేయాలి?
— మహిళా సమాజం కార్యదర్శి, భీమవరం

జవాబు: బుకింగ్‌కి ముందే అడగండి, తర్వాత ఎవరూ వినరు. బేత్లెహేముకి రెండు గంటలు ఇచ్చి, జననాలయం చూపించి, ఒలీవ చెక్క బొమ్మల దుకాణంలో దింపి వెనక్కి తెచ్చేస్తారు. మా టూరు వాళ్లు అదే చేశారు. ఒక రాత్రి బేత్లెహేములోనే బస అడగండి. ఆదివారం ఉదయం అక్కడి చర్చిలో ఆరాధనకి కూర్చోండి. అరబిక్ రాకపోయినా పాటల రాగాలు కొన్ని మనకి తెలిసినవే ఉంటాయి.

బేత్లెహేముకి నైరుతిగా నహాలీన్ దగ్గర ఒక పాలస్తీనా క్రైస్తవ కుటుంబం పొలం ఉంది, టెంట్ ఆఫ్ నేషన్స్ అంటారు. 1916 నుంచి వాళ్ల చేతిలో ఉన్న భూమి. 1991 నుంచి దాని కోసం కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. చుట్టూ సెటిల్‌మెంట్లు. పొలం ముందు రాయి మీద ‘మేము శత్రువులుగా ఉండటానికి ఒప్పుకోము’ అని రాసి ఉంటుంది. ముందుగా కబురు పెట్టి వెళ్లాలి. రోడ్డు బండలతో మూసి ఉంటే కొంత దూరం నడవాల్సి రావచ్చు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి చెప్పి ఉంచండి. నెవే షాలోమ్ అయితే తెల్ అవీవ్ నుంచి యెరూషలేము దారికి దగ్గరే.

చెక్‌పోస్టు దగ్గర మీ బస్సుని బహుశా ఆపరు. మమ్మల్ని ఆపలేదు. ఆ రెండు నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి, కిటికీలోంచి పక్క వరుసలో నిలబడ్డవాళ్లని చూడండి.

ఆవకాయ తప్పకుండా తీసుకెళ్లండి, ఎనిమిది రోజులు హమ్మస్ (అక్కడి శనగల ముద్ద) మీద బతకలేరు. పెద్ద పెట్టెలో పెట్టండి, చేతిసంచిలో వద్దు. నా సీసా విమానాశ్రయంలో తీసుకున్నారు. పక్కనున్న ఇద్దరు సెక్యూరిటీ కుర్రాళ్లు మూత తీసి వాసన చూసి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.